ప్రమాణాలకు లోబడిన ఏడుపు

సూరంపేట మునిసిపాలిటీలో పెళ్ళిళ్ళు రిజిస్టరు చేసే సీనియర్ అసిస్టెంటు మట్టపర్తి పేర్రాజు ఒక సోమవారం ఉదయం ఆఫీసుకు వచ్చేసరికి ఆయన ఉద్యోగం మారిపోయి ఉంది. కుర్చీ అదే, గాలి తిరగని ఫ్యానూ అదే. బల్ల మీద మాత్రం "స్వదేశీ శోక పర్యవేక్షకులు" అని కొత్త బోర్డు పెట్టి ఉంది. పేర్రాజు దాన్ని రెండుసార్లు చదివి, ఎవరో చచ్చిపోయారనుకుని భయపడ్డాడు.

చచ్చిపోలేదు. కమిషనరు గారు పిలిచి విషయం చెప్పారు. ఇకమీదట సూరంపేటలో ఏ పెళ్ళి జరిగినా, అప్పగింతలప్పుడు ఆడపిల్ల తరపువాళ్ళు మన పద్ధతిలో ఏడ్చారని పేర్రాజు కళ్ళారా చూసి, చెవులారా విని సంతకం పెడితేనే పెళ్ళి రిజిస్టరవుతుంది. మరో పద్ధతిలో ఏడిస్తే అవదు.

దీనికంతటికీ మూలం బ్యాంకాక్‌లో ఉంది. విదేశీ సినిమాలూ సీరియళ్ళూ థాయిలాండు సమాజాన్ని ఎలా మార్చేశాయో చూసి రావడానికి సాంస్కృతిక పరిరక్షణ మండలి వారు ఆ మధ్య ఒక బృందాన్ని పంపారు. తెగులు మన పొలానికి రాకముందే పక్కవాడి పొలం చూడటం మంచిదని వారి ఆలోచన. బృందానికి నాయకుడు మండలి ఉపసంచాలకులు డాక్టర్ త్రివిక్రమం గారు. ఆయన ఎప్పుడు మాట్లాడినా ఎవరో పక్కన నిలబడి రాసుకుంటున్నట్టే మాట్లాడతారు.

బృందం బ్యాంకాక్‌లో చూడవలసినవన్నీ చూసింది. కొరియా క్రాపులు, సంచీలకి వేలాడే జపాను బొమ్మలు, అమెరికా కాఫీ గ్లాసులు, ఫొటో తీస్తామంటే చాలు వేళ్ళతో గుండెకాయ గుర్తు పెట్టే అమ్మాయిలు. అక్కడి విశ్వవిద్యాలయంలో ఒక ప్రొఫెసరమ్మ ఓపిగ్గా అన్నీ విడమరిచి చెప్పింది. ఒకప్పుడు అమెరికా సినిమాలు పిల్లల్ని చెడగొట్టాయన్నారట, తర్వాత హాంకాంగు సీరియళ్ళన్నారు, ఆ తర్వాత జపాను బొమ్మలన్నారు, ఇప్పుడు కొరియా అంటున్నారు. వచ్చినవి వచ్చినట్టు ఉండవనీ, తమవాళ్ళు వాటిలో ఉప్పూ కారం తమకి సరిపోయేలా కలుపుకుంటారనీ, కొన్నాళ్ళకి అవి బయటినుంచి వచ్చాయన్న సంగతే ఎవరికీ గుర్తుండదనీ ఆమె చెప్పింది. ఆఖర్ని ఇంకో మాట కూడా అంది. సాయంత్రం మీ ఇండియా నాగుపాము సీరియల్ అయ్యేదాకా మా అమ్మ పొయ్యి వెలిగించదు, మా వీధిలో ఆడవాళ్ళు కొందరు బొట్టు కూడా పెడుతున్నారు, అది కూడా మీ నివేదికలో రాసుకోండి అంది.

ఆ సాయంత్రం బృందం పడవలో కూర్చుని ఈ చివరి మాట మీద చాలాసేపు చర్చించింది. మనవి అక్కడికి వెడితే సంస్కృతీ వ్యాప్తి అనీ, వాళ్ళవి మన దగ్గరికి వస్తే విదేశీ ప్రభావం అనీ తీర్మానించి, దాన్ని నివేదికలోంచి తీసేసింది.

తిరుగు ప్రయాణానికి ముందు వాళ్ళని ఒక పెళ్ళికి పిలిచారు. పెళ్ళికూతురి తల్లి కూతుర్ని సాగనంపుతూ ఏడ్చింది. చప్పుడు లేదు, మాట లేదు. ఒక కంట్లోంచి ఒకే చుక్క దిగింది. దాన్ని కాటుక చెదరకుండా కాగితపు రుమాలు అంచుతో అద్దుకుంది. అచ్చం కొరియా సీరియల్లోలాగే ఏడ్చిందని పక్కనున్న థాయి పిల్లలు ముసిముసిగా నవ్వుకున్నారు. త్రివిక్రమం గారికి మాత్రం గుండెల్లో రాయి పడింది. అంతకు ముందు నెలలో జరిగిన తన అన్నగారి అమ్మాయి పెళ్ళిలో వదినగారు సరిగ్గా అలాగే ఏడ్చింది. అప్పుడాయన అది నాగరికత అనుకున్నారు. వ్యాధి అని తెలియడానికి ఆయన సముద్రం దాటవలసి వచ్చింది.

"పంట పోతే మళ్ళీ పండించుకోగలం. ఒక జాతి ఏడుపు పోతే మరల తెచ్చుకోలేమని ఇందుమూలముగా యావన్మందికీ మనవి చేస్తున్నాను" అని ఆయన దిగిన రోజే విమానాశ్రయంలో ప్రకటించారు. ఉత్తర్వు రావడానికి ఆ తర్వాత ఎక్కువ రోజులు పట్టలేదు.

ఉత్తర్వులో ప్రమాణాలన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఏడుపు పందిరి గుమ్మం దాకా వినపడాలి. ఊరికే ఏడిస్తే చాలదు, మాటలుండాలి, ఆ మాటలకి రాగం ఉండాలి. ముక్కు పైట కొంగుతోగానీ కండువాతోగానీ చీదాలి. ఒకే కంట్లోంచి కారే నీరు, పెదవి కొరుక్కోవడం, మాటా పలుకూ లేకుండా దూరంగా చూడటం, వానలో గొడుగు లేకుండా నిలబడటం విదేశీ లక్షణాలు. ధ్వని కొలవడానికి ప్రతి మునిసిపాలిటీకీ ఒక మీటరు పంపారు. మీటరు మాత్రం కొరియాలో తయారైంది. ఇక్కడ చేసినవాటికి ఏడుపుకీ సన్నాయికీ తేడా తెలియలేదట.

విదేశీ ఏడుపు ఎలా ఉంటుందో తెలియకపోతే దాన్ని పట్టుకోవడం ఎలా అని పర్యవేక్షకులందరికీ శిక్షణ ఏర్పాటు చేశారు. జిల్లా కేంద్రంలో చల్లటి హాల్లో కూర్చోబెట్టి పొద్దుణ్ణించి సాయంత్రం దాకా కొరియా సీరియళ్ళు చూపించారు. మొదటిరోజు అందరూ విసుక్కున్నారు. రెండోరోజు భోజనాల బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. మూడోరోజు కథానాయకుడికి గతం గుర్తుకొచ్చే ఘట్టంలో హాలంతా నిశ్శబ్దంగా, ఒక్కొక్క చుక్క చొప్పున ఏడ్చింది. త్రివిక్రమం గారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, "శత్రువును అధ్యయనము చేయునపుడు కొంత సాన్నిహిత్యము అనివార్యము" అన్నారు. శిక్షణ ఇంకో వారం పొడిగించమని పర్యవేక్షకులే అర్జీ పెట్టుకున్నారు.

పేర్రాజు ఇంటికి వచ్చేసరికి భార్య రత్నమాణిక్యమూ, కూతురు సుభాషిణీ అదే సీరియల్ తెలుగులో చూస్తున్నారు. ఉద్యోగధర్మం ప్రకారం టీవీ కట్టేయాలి. ఆయన చెప్పులు విప్పుకుని కూర్చుని, ఆ కుర్రాడికి గతం వచ్చే గురువారం గుర్తుకొస్తుందిలే అని తల్లీకూతుళ్ళకి ధైర్యం చెప్పాడు.

ఇక పెళ్ళిళ్ళు మొదలయ్యాయి, పేర్రాజుకి తల ప్రాణం తోకకొచ్చింది. మొదటి పెళ్ళిలోనే చిక్కొచ్చి పడింది. ఆడపిల్లవాళ్ళు ఎవరూ ఏడవలేదు, పెళ్ళికూతురు వెళ్ళేది పక్కవీధికి. పెళ్ళికొడుకు నాయనమ్మ మాత్రం తన పెళ్ళి గుర్తొచ్చి పందిరి అదిరేలా ఏడ్చింది. మీటరు ముల్లు చివరిదాకా కొట్టుకుంది. కానీ ఆవిడ అటు తరపు మనిషి, ఆవిడ ఏడుపు లెక్కలోకి రాదు. పెళ్ళికూతురి తండ్రి పేర్రాజుని పక్కకి పిలిచి, ఏడవడానికి మాకేం వచ్చింది బాబూ, మంచి సంబంధం దొరికింది కదా అని వాపోయాడు. ఆ వాపోవడంలో కొంచెం రాగం ఉండబట్టి పేర్రాజు దాన్నే ఏడుపుగా రాసి సంతకం పెట్టాడు.

అది మొదలు ఊళ్ళో చావులకి ఏడ్చే నూకాలమ్మకి గిరాకీ పెరిగింది. ఆవిడకి మండలి వారు శోక కళాకారిణి అని గుర్తింపు కార్డు కూడా ఇచ్చారు. నూకాలమ్మ ఏడుపుకి ఏ మీటరూ వంక పెట్టలేదు. అయితే ఆవిడకి వచ్చిన ఏడుపు ఒక్కటే. పెళ్ళికూతురు కారెక్కుతుంటే ఎదురెళ్ళి, "ఒంటరిగా ఎల్లిపోతన్నావా తల్లీ, మళ్ళీ ఈ గుమ్మం తొక్కవు గదే" అని నేల మీద పడి దొర్లింది. మగపెళ్ళివారు అదిరిపోయి, పిల్లకేమైనా జబ్బుందా అని నిలదీశారు. సంబంధం తెగిపోయినంత పనైంది. పేర్రాజు ఆ పూట ఇద్దరు వియ్యంకుల కాళ్ళావేళ్ళా పడి రాజీ చేశాడు. త్రివిక్రమం గారికి రాస్తే, "శోకము యొక్క సందర్భముతో మండలికి నిమిత్తము లేదు, దాని స్వదేశీయతయే ముఖ్యము" అని జవాబొచ్చింది.

ప్రేమించి పెళ్ళి చేసుకున్నవాళ్ళ సంగతి మరీ కష్టం. వాళ్ళ తరపున ఏడవడానికే కాదు, నవ్వడానికి కూడా ఎవరూ రారు. దీనికీ మండలి మార్గం చూపించింది. తల్లిదండ్రులు రానప్పుడు ప్రభుత్వం తరపున ఇద్దరు మునిసిపల్ ఉద్యోగులు ఏడవాలి. ఒకనాడు ఒక జంట దండలతో వచ్చి బెంచీ మీద కూర్చుంటే, శానిటరీ ఇన్‌స్పెక్టరూ బిల్లు కలెక్టరూ ఎదురుగా నిలబడి ఆఫీసువేళల్లో బావురుమన్నారు. పెళ్ళికూతురికి నవ్వాగలేదు. తర్వాత ఏమైందో గానీ, మా నాన్న వచ్చుంటే బాగుండేదండీ అని నిజంగానే ఏడ్చేసింది. అది చప్పుడు లేని ఏడుపు. పేర్రాజు చూసీచూడనట్టు ఊరుకున్నాడు.

ఈ గందరగోళం మధ్యనే సుభాషిణికి పెళ్ళి కుదిరింది. పిల్లవాడు ఉదయభాస్కర్‌కి ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం. పెళ్ళయిన రోజు సాయంత్రమే దంపతులిద్దరూ బండెక్కాలి. పెళ్ళి రిజిస్టరైన సర్టిఫికెట్టు చూపిస్తేనే క్వార్టరు ఇస్తారు, ఆ వారం దాటితే అది ఇంకొకరి పేరు మీదికి పోతుంది. క్వార్టరు పోతే కొత్త జంట అద్దెగది దొరికేదాకా చెరో చోట ఉండాలి.

పేర్రాజుకి కూతురంటే ప్రాణం. రోజూ తెల్లారగట్ల ఆ పిల్ల కాఫీ కలిపి తెచ్చి వీధరుగు మీద పక్కన కూర్చునేది. తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకునేది పెద్దగా ఏమీ ఉండదు, కాఫీ అయ్యేదాకా అలా కూర్చుంటారంతే. ఆ కాసేపటి కోసమే ఆయన పొద్దున్నే లేచేవాడు. పెళ్ళి దగ్గర పడేకొద్దీ ఆయన గుబులు ఎక్కువైంది. పిల్లని పంపించే వేళకి తాను మనిషిలా నిలబడగలనా, ఒక మంచి మాట చెప్పగలనా, అదే ఆయన భయం. మీటరు సంగతి ఆయనకి తట్టనే లేదు.

త్రివిక్రమం గారికి తట్టింది. పర్యవేక్షకుడి ఇంట్లో పెళ్ళికి పర్యవేక్షకుడే సంతకం పెట్టుకోవడం కుదరదు కాబట్టి తానే స్వయంగా వస్తున్నానని కబురు చేశారు. దానితో పాటు అన్ని జిల్లాలకీ చూపించడానికి "ఆదర్శ అప్పగింత" అనే వీడియో కూడా అక్కడే తీస్తారట. కమిషనరు గారు పేర్రాజు వీపు తట్టి, మన మునిసిపాలిటీకి ఎంత పేరో చూడవయ్యా అన్నారు. పేర్రాజు మింగలేక కక్కలేక దణ్ణం పెట్టాడు.

ముహూర్తం పొద్దున్నే. భోజనాలయ్యాక పెద్ద ఇత్తడి పళ్ళెంలో పాలు పోసి అప్పగింతలకి కూర్చున్నారు. కెమెరాలు వచ్చాయి, లైట్లు వచ్చాయి, మీటరు పేర్రాజు గడ్డం కిందికి వచ్చింది. ముందుగా రత్నమాణిక్యం కూతుర్ని పట్టుకుని, నీకు తలంటెవరు పోస్తారే నా తల్లీ అంటూ ఏడ్చింది. గుమ్మం దాకా ఏమిటి, వీధి చివరి సోడాకొట్టు దాకా వినపడింది. త్రివిక్రమం గారు చెయ్యెత్తి ఆపారు.

"మాతృశోకము మా వద్ద సమృద్ధిగా ఉన్నదమ్మా. పితృశోకమునకు మాత్రము తీవ్రమైన కొరత ఉన్నది. తండ్రిగారు కానివ్వండి, పిమ్మట సంతకము చేసెదను."

పేర్రాజు కూతురి చేతులు పాలలో ముంచి తీసి, వియ్యంకుడి చేతుల్లో పెట్టాడు. మా పిల్లని మీ పిల్లలా చూసుకోండి బావగారూ అనబోయాడు. మొదటి రెండు మాటలు వచ్చాయి, మూడోది గొంతులోనే ఆగిపోయింది. ఎడమ కంట్లోంచి ఒక్క చుక్క దిగి మీసంలో ఇంకిపోయింది. పందిట్లో ఆడవాళ్ళందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మీటరు ముల్లు కదల్లేదు.

"ఆపండి. ఇది విదేశీయము" అన్నారు త్రివిక్రమం గారు.

"మా అమ్మ పోయినప్పుడూ నాకింతేనండి" అన్నాడు పేర్రాజు. "మా నాన్న కూడా ఇలాగే ఏడ్చేవాడండి."

"అయితే తమ తండ్రిగారి మీద కూడా ప్రభావము ఉండి ఉండవలెను."

"ఆయనకి రేడియో కూడా లేదండి."

"అదియే ఆందోళనకరము. మాధ్యమము లేకుండా వచ్చిన ప్రభావము మిక్కిలి లోతైనది. మరల చేద్దాము."

పళ్ళెంలో పాలు మార్చారు. మళ్ళీ కూర్చోబెట్టారు. ఈసారి పేర్రాజు గట్టిగా ఏడవాలని ప్రయత్నిస్తే గొంతు సవరించుకున్నట్టు వినపడింది. మూడోసారి ముల్లు కదిలింది గానీ అది పక్కింట్లో కుక్క మొరిగిందని తేలింది. వియ్యంకుడు గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. సామర్లకోటలో బండి అందుకోవాలి. పెళ్ళికూతురు పాలు కారుతున్న చేతులు ముందుకి చాపి అలాగే కూర్చుని ఉంది. తండ్రి ముఖం చూసి ఆ పిల్లకి దుఃఖం ఆగలేదు.

"పోనీలే నాన్నా. క్వార్టరు లేకపోతే లేదు. నువ్విలా అవస్థ పడక్కర్లేదు" అంది మెల్లగా.

క్వార్టరు పోతుందంటే పేర్రాజు ఒప్పుకోలేకపోయాడు. చిటికెలో అయిపోతుంది తల్లీ అన్నాడు. త్రివిక్రమం గారికి కూడా పెళ్ళివారి ఇబ్బంది అర్థమైంది. దంపతులు వ్యాను దగ్గరికి బయల్దేరవచ్చనీ, తండ్రిగారి శోకం కెమెరా దగ్గరగా పెట్టి తీసేది కాబట్టి విడిగా తీసుకోవచ్చనీ ఉదారంగా అనుమతి ఇచ్చారు. పెళ్ళివారందరూ గుమ్మం వైపు కదిలారు. పేర్రాజుని మాత్రం వెనక్కి తిప్పి, లైట్లకి ఎదురుగా, మీటరు వైపు చూస్తూ నిలబడమన్నారు. తల తిప్పితే వెలుతురు పోతుందన్నారు.

వెనకనుంచి బాజాలు దూరమవుతున్నాయి. వ్యాను తలుపు జరిగిన చప్పుడు వినపడింది. రేపు తెల్లారి వీధరుగు మీద తానొక్కడే కూర్చోవాలన్న సంగతి పేర్రాజుకి అప్పుడు పూర్తిగా తెలిసింది. ఇన్నేళ్ళూ లోపల దాచుకున్నదంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

"నా తల్లో, పొద్దున్నే నా పక్కన ఎవరు కూర్చుంటారే. నిన్ను పంపించి నేను ఆ ఇంట్లో ఎలా ఉండేదే" అని పందిరి రాటలు అదిరేలా ఏడ్చాడు. కండువాతో ముక్కు చీదాడు. మాటలున్నాయి, మాటలకి రాగముంది. ముల్లు చివరికంటా వెళ్ళి అక్కడే నిలిచిపోయింది. కెమెరావాళ్ళు చప్పట్లు కొట్టారు. త్రివిక్రమం గారు పెళ్ళి సర్టిఫికెట్టు మీద ఉత్కృష్ట స్వదేశీ శోకమని రాసి అక్కడికక్కడే సంతకం పెట్టారు.

పేర్రాజు కాగితం అందుకుని గుమ్మంలోకి పరిగెత్తాడు. వీధి ఖాళీగా ఉంది. బిల్లు కలెక్టరు ఆ కాగితం లాక్కుని మోటారుసైకిలు మీద సామర్లకోట పోయాడు. సర్టిఫికెట్టుకి బండి అందింది.

గుమ్మం పక్కన రత్నమాణిక్యం ఒక్కత్తే నిలబడి ఉంది. భర్త ముఖంలోకి చూడకుండా చెప్పింది.

"వ్యాను ఎక్కబోయి దిగిపోయిందండి. మీరు వస్తారని ఇటే చూస్తా నిలబడింది. మీ ఏడుపు ఇక్కడి దాకా వినపడతానే ఉంది. మా నాన్న ఎవరికోసం ఏడుస్తున్నాడమ్మా, నేనిక్కడున్నాను కదా అంది."

పందిరివాళ్ళు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే, పేర్రాజు అందులోంచి ఒకటి అడిగి తీసుకుని కూర్చున్నాడు.

తర్వాతి నెల జిల్లా కేంద్రంలో పర్యవేక్షకులందరినీ సమావేశపరిచి ఆదర్శ అప్పగింత వీడియో చూపించారు. ముల్లు చివరికి తగిలినప్పుడు అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న పేర్రాజుని ముందుకి పిలిచి శాలువా కప్పారు. పొరుగు జిల్లానుంచి కొత్తగా వచ్చిన పర్యవేక్షకురాలు ఒకామె సందేహం అడిగింది. ఇందులో పెళ్ళికూతురు ఎక్కడా కనపడదేమిటండీ అంది.

త్రివిక్రమం గారు ప్రమాణాలున్న పుస్తకం తిరగేశారు. మొదటినుంచి చివరిదాకా చూశారు.

"పెళ్ళికూతురి హాజరీ ఆవశ్యకమని ప్రమాణములలో ఎచ్చటనూ లేదు" అన్నారు.

పేర్రాజు ఎవరినీ అడక్కుండా శాలువాతోనే వరండాలోకి వచ్చి, కూతురికి ఫోన్ చేశాడు. క్వార్టరు బాగుందా అని అడుగుదామనుకున్నాడు. అటునుంచి "నాన్నా" అనేసరికి ఆయనకి ఇంక మాట రాలేదు. ఆ పిల్లకీ రాలేదు. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఫోను చెవిని పెట్టుకుని అలాగే చాలాసేపు ఏడ్చారు. చప్పుడు లేదు కాబట్టి లోపల సమావేశంలో ఎవరికీ తెలియలేదు.